బందరు బాటకు మున్నేటి గండం

సహ్యాద్రి కొండల నుంచి సముద్రం దాకా కారులో రాదలచినవారికి దారి సులువే. పుణెలో 65వ నంబరు జాతీయ రహదారి ఎక్కితే హైదరాబాదు, సూర్యాపేట, జగ్గయ్యపేట, నందిగామ, విజయవాడల మీదుగా బందరు చేరవచ్చు. దూరం సుమారు 840 కిలోమీటర్లు. పాతవారు దీనిని 9వ నంబరు రోడ్డుగానే ఎరుగుదురు.

వానాకాలంలో మాత్రం నందిగామ దాటాక ఐతవరం వద్ద చిక్కు ఉంది. వరంగల్, ఖమ్మం ప్రాంతాల్లో కురిసిన వాన మున్నేటి వరదగా ఇక్కడికి వస్తుంది. 2023 జూలైలోనూ, 2024 సెప్టెంబరులోనూ నీరు రోడ్డెక్కి రాకపోకలు నిలిచిపోయాయి.

ఇక్కడి ఆకాశాన్ని నమ్ముకుంటే ఏమవుతుందో రహదారికి చేరువనే ఉన్న కంచికచర్ల మండలం చెవిటికల్లువారు కళ్లారా చూశారు. 2021 ఆగస్టులో ఇసుక కోసం కృష్ణలోకి దిగిన వందకు పైగా లారీలు ఎగువ నుంచి వచ్చిన వరదలో చిక్కుకున్నాయి. డ్రైవర్లను పడవలపై ఒడ్డుకు చేర్చారు.

కనుక హైదరాబాదు విడిచే ముందే ఖమ్మం వద్ద మున్నేటి మట్టం ఎంతో విచారించుకోవాలి. వరద ఉందంటే నార్కట్‌పల్లి వద్దనే మళ్లి మిర్యాలగూడ, పిడుగురాళ్ల, గుంటూరు మీదుగా విజయవాడ చేరడం మేలు. ఒక పూట ఆలస్యమైనా ప్రాణానికి భరోసా ఉంటుంది.