నెట్‌కు వేగం వచ్చింది.. కంప్యూటర్‌కు కాపలా పోయింది!

* విండోస్ 10కు ముగిసిన ఉచిత మద్దతు
* కొత్త యంత్రం కొనేముందు పాతదాన్ని పరిశీలించుకోవడం మేలు

గ్రామాల్లో కేబుల్ టీవీ తీగ వచ్చిన దారినే ఇంటర్నెట్ కూడా ఇళ్లకు చేరింది. వేగం కాస్త తగ్గితే ఆపరేటర్‌కు ఫోన్ చేసి నిలదీసే వినియోగదారులు, ఆ నెట్‌ను వాడుతున్న కంప్యూటర్ ఎంత భద్రమో మాత్రం పట్టించుకోవడం లేదు. విండోస్ 10 ఆపరేటింగ్ సిస్టమ్‌కు మైక్రోసాఫ్ట్ సంస్థ ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఆ తరువాత కూడా కంప్యూటర్ ఎప్పటిలాగే తెరుచుకుంటుంది, పాటలు పాడుతుంది, ప్రింటు తీస్తుంది. అందువల్లనే ప్రమాదం పైకి కనిపించదు.

నిరంతర అనుసంధానం

దేశంలో సామాన్య ప్రజలకు ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న వీఎస్‌ఎన్‌ఎల్ ద్వారా అందుబాటులోకి వచ్చింది. ఫోన్ లైను ద్వారా డయల్ చేసి, పని కాగానే తెంచివేసే రోజులవి. 2004 నాటి బ్రాడ్‌బ్యాండ్ విధానం 256 కేబీపీఎస్‌ను కనీస వేగంగా నిర్ణయించగా, 2023 జనవరిలో దానిని 2 ఎంబీపీఎస్‌కు పెంచారు. ఆంధ్రప్రదేశ్‌లో ఫైబర్ గ్రిడ్‌ను 2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. తొలి పథకంలో నెలకు రూ.149 ధరకు టీవీ ఛానళ్లు, టెలిఫోనుతో పాటు 15 ఎంబీపీఎస్ నెట్ ఇచ్చారు. తెలంగాణలో టీ-ఫైబర్ 2024 డిసెంబరులో ఎంపిక చేసిన కొన్ని గ్రామాల్లో మొదలైంది.

ఈ మార్పుతో రూటర్ రాత్రింబవళ్లు వెలుగుతూనే ఉంటోంది. కంప్యూటర్ తెరిచినంతసేపూ బయటి ప్రపంచంతో అనుసంధానమై ఉంటుంది. బ్యాంకు లావాదేవీలు, విద్యార్థుల దరఖాస్తులు, భూమి పత్రాల నకళ్లు అన్నీ దాని మీదనే సాగుతున్నాయి.

గడువు ముగిస్తే ఏమవుతుంది?

ఏ ఆపరేటింగ్ సిస్టమ్‌లోనైనా లోపాలు బయటపడుతూనే ఉంటాయి. వాటిని సరిదిద్దే అప్‌డేట్లను తయారీ సంస్థ ప్రతి నెలా విడుదల చేస్తుంది. మద్దతు ముగిస్తే ఈ మరమ్మతు ఆగిపోతుంది. పైగా కొత్త వెర్షన్‌కు ఇచ్చిన అప్‌డేట్‌ను పరిశీలించి, అదే లోపం పాతదానిలోనూ ఉన్నదేమోనని దుండగులు వెదికే వీలుంటుంది.

2017 మే నెలలో ప్రపంచాన్ని కుదిపేసిన ‘వన్నాక్రై’ దాడి దీనికి నిదర్శనం. ఆ లోపాన్ని సరిచేసే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చిలోనే విడుదల చేసింది. దానిని ఎక్కించుకోని యంత్రాల్లోని ఫైళ్లకు వైరస్ తాళం వేసి, విడిపించేందుకు డబ్బు అడిగింది. ఆంధ్రప్రదేశ్‌లో పలు జిల్లాల పోలీసు కార్యాలయాల కంప్యూటర్లు సైతం దాని బారిన పడ్డాయి.

ముందు చూడవలసినవి

కీబోర్డు మీద విండోస్ గుర్తు గల మీటను, ‘ఆర్’ మీటను కలిపి నొక్కి, వచ్చిన పెట్టెలో ‘విన్‌వర్’ అని ఆంగ్లంలో టైపు చేస్తే ఏ వెర్షన్ ఉన్నదీ తెలుస్తుంది. విండోస్ 11కు 64 బిట్ ప్రాసెసర్, కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ నిల్వ స్థలం, సెక్యూర్ బూట్ సదుపాయం, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి. ఇంటెల్ ప్రాసెసర్లలో సాధారణంగా 8వ తరం, ఏఎండీలో రైజెన్ 2000 శ్రేణి, ఆ తరువాత వచ్చిన వాటికే అర్హత ఉంది. మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే ‘పీసీ హెల్త్ చెక్’ ప్రోగ్రామ్ అర్హత ఉన్నదీ లేనిదీ చెప్పేస్తుంది. టీపీఎం లేదని వచ్చినంత మాత్రాన నిరాశ చెందనక్కరలేదు. కొన్ని యంత్రాల్లో ఆ సదుపాయం ఉన్నా బయోస్ అమరికల్లో ఆపి ఉంచుతారు. తెలిసిన మెకానిక్ చేత దానిని తెరిపించవచ్చు.

మూడు మార్గాలు

మొదటిది: యంత్రానికి అర్హత ఉండి, విండోస్ 10 అసలైనదైతే విండోస్ 11కు మారడానికి రుసుము లేదు. సెట్టింగ్స్‌లోని విండోస్ అప్‌డేట్ ద్వారానే పని పూర్తవుతుంది. క్రాక్ చేసిన నకలు ఎక్కించి ఇస్తామన్నవారి మాట నమ్మరాదు. ఆ క్రాక్‌తో పాటే వైరస్ చొరబడవచ్చు.

రెండోది: అర్హత లేనివారికి గృహ వినియోగదారుల కోసం సంస్థ అదనపు భద్రతా అప్‌డేట్ల పథకాన్ని ప్రకటించింది. 2025లో ప్రకటించిన మేరకు దాని గడువు 2026 అక్టోబరు 13. విండోస్ 10లో 22హెచ్2 వెర్షన్ ఉండి, మైక్రోసాఫ్ట్ ఖాతాతో సెట్టింగ్స్ భద్రపరచుకునేవారికి దీనిని రుసుము లేకుండా ఇచ్చారు. ఇది ఊపిరి పీల్చుకునే వ్యవధి మాత్రమే, శాశ్వత పరిష్కారం కాదు.

మూడోది: ఉబుంటు, లినక్స్ మింట్ వంటి ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌లు. వీటిని పెన్‌డ్రైవ్ నుంచే నడిపి, ప్రింటర్, వైఫై పనిచేస్తున్నాయో లేదో చూసుకున్న తరువాతే యంత్రంలోకి ఎక్కించుకోవచ్చు. చదువుకు, ఉత్తరాలకు, నెట్ వాడకానికి ఇవి సరిపోతాయి. హార్డ్ డిస్కు స్థానంలో ఎస్‌ఎస్‌డీ అమర్చుకుంటే పాత యంత్రం కూడా చురుకుగా నడుస్తుంది.

తెలుగు డీటీపీ చేసేవారికి హెచ్చరిక

పెళ్లి కార్డులు, కరపత్రాలు, ఫ్లెక్సీలు తయారుచేసే దుకాణాల్లో యూనికోడ్‌కు ముందునాటి తెలుగు ఫాంట్లు, పేజ్‌మేకర్ వంటి పాత సాఫ్ట్‌వేర్లు ఇంకా కనిపిస్తాయి. విండోస్ 11 కేవలం 64 బిట్ రూపంలోనే లభిస్తుంది. డాస్ కాలం నాటి లెక్కల ప్రోగ్రాములు, 16 బిట్ ప్రోగ్రాములు అందులో నేరుగా నడవవు. ఇటువంటివారు పాత యంత్రాన్ని నెట్ నుంచి వేరుచేసి ఆ పనికే ఉంచుకుని, నెట్ పనులకు మరొకటి వాడుకోవడం ఉత్తమం. పెన్‌డ్రైవ్ ద్వారా కూడా వైరస్ సోకుతుంది కనుక రెండింటి మధ్య ఫైళ్లు మార్చేటప్పుడు జాగ్రత్త తప్పదు.

ఎక్కించే ముందు

ఫొటోలు, ధ్రువపత్రాలు, లెక్కలు అన్నింటినీ బయటి హార్డ్ డిస్కులోకి నకలు తీసుకుని, అవి తెరుచుకుంటున్నాయో లేదో వేరే కంప్యూటర్‌లో చూసుకోవాలి. విండోస్ 11 దిగుమతికి అనేక జీబీల డేటా ఖర్చవుతుంది. సెల్‌ఫోన్ హాట్‌స్పాట్ మీద రోజువారీ పరిమితితో ఆ పనికి పూనుకుంటే మధ్యలో ఆగిపోతుంది. ఫైబర్ కనెక్షన్ ఉన్నచోట రూటర్ నుంచి నేరుగా తీగ కలుపుకోవాలి. కరెంటు కోత ఉండే వేళల్లో మొదలుపెట్టకూడదు. డెస్క్‌టాప్‌కు యూపీఎస్, ల్యాప్‌టాప్‌కు ఛార్జర్ తప్పనిసరి.

ఫోన్ చేసి భయపెడితే..

‘మీ విండోస్ గడువు ముగిసింది, ఈ నంబరుకు ఫోన్ చేయండి’ అంటూ తెర మీద ప్రత్యక్షమయ్యే ప్రకటనలు మోసపూరితమైనవి. మైక్రోసాఫ్ట్ హెచ్చరికల్లో ఫోన్ నంబర్లు ఉండవు. ఆ సంస్థ తనంతట తానుగా ఫోన్ చేసి మరమ్మతు చేస్తామని అనదు. అపరిచితులు చెప్పిన రిమోట్ యాప్‌లను ఎక్కించుకోరాదు. ఖాతా నుంచి డబ్బు పోతే ఆలస్యం చేయక 1930 నంబరుకు ఫిర్యాదు చేయాలి. ఎంత త్వరగా తెలిపితే ఆ సొమ్మును మధ్యలోనే నిలిపివేసే అవకాశం అంతగా ఉంటుంది.

ఈ మూడు మార్గాల్లో ఏదీ కుదరకపోతే, ఆ కంప్యూటర్ మీద బ్యాంకు పనులు మాత్రం మానుకోవాలి. నెలనెలా నెట్‌కు చెల్లించే బిల్లు వేగాన్ని తెచ్చిపెడుతుందే గాని, కంప్యూటర్ భద్రత వినియోగదారుని బాధ్యతే.