పిడికిలి బిగించని గోల్ వీరుడు

ఉత్తర అమెరికా ఐస్ హాకీలో ఆటగాళ్లు గ్లవ్స్ విసిరేసి ముష్టియుద్ధానికి దిగడం మామూలే. శిక్ష కూడా ఐదు నిమిషాలు బయట కూర్చోవడమే. అలాంటి ఆటలో తాను కొట్లాడేది లేదని 1979లో బాహాటంగా ప్రకటించాడు మైక్ బాసీ.

మాంట్రియల్‌లో పుట్టిన ఈ రైట్ వింగర్ జూనియర్ పోటీల్లో గోల్స్ కుప్పలు పోశాడు. అయినా మరీ మెతక అన్న అనుమానం వెంటాడింది. 1977 డ్రాఫ్ట్‌లో 14 మంది ఎంపికయ్యాక గానీ అతని వంతు రాలేదు. తీసుకున్న న్యూయార్క్ ఐలాండర్స్‌కు తొలి సీజన్‌లోనే 53 గోల్స్ అందించాడు. కొత్త ఆటగాళ్లలో అప్పటికి అదే రికార్డు.

50 మ్యాచ్‌ల్లో 50 గోల్స్ ఘనత 1944-45 నుంచి మారిస్ రిచర్డ్ ఒక్కడిదే. 1981 జనవరి 24న క్విబెక్‌తో 50వ మ్యాచ్ ముగియడానికి ఐదు నిమిషాలుండగా బాసీ 48 దగ్గరే ఉన్నాడు. ఆ కాస్త సమయంలోనే రెండూ కొట్టేశాడు. 1980 నుంచి 1983 దాకా ఐలాండర్స్ వరుసగా నాలుగు స్టాన్లీ కప్‌లు గెలిచింది. సత్ప్రవర్తనతో కూడిన ఆటకిచ్చే లేడీ బింగ్ ట్రోఫీ అతనికి మూడుసార్లు దక్కింది.

వరుసగా తొమ్మిది సీజన్లలో 50కి తగ్గని బాసీని చివరికి వెన్నునొప్పి ఆపింది. పదో సీజన్‌లో 38 గోల్స్‌తో, 30 ఏళ్లకే 1987లో ఆట ఆగిపోయింది. మొత్తం 752 మ్యాచ్‌లు, 573 గోల్స్. 2025లో అలెగ్జాండర్ ఒవెచ్కిన్ 895వ గోల్‌తో మొత్తం గోల్స్ రికార్డు తిరగరాశాడు. కానీ 500 గోల్స్ దాటినవారిలో మ్యాచ్ సగటు ఇప్పటికీ బాసీదే ఎక్కువ. 2022లో 65వ ఏట క్యాన్సర్‌తో మరణించాడు. మెతక అన్నవారికి అతను పిడికిలితో జవాబివ్వలేదు. ఆ అవసరమూ రాలేదు.