పాట ఆగినా ఆగని మోత

పాట ఆపేసినా ఆంప్లిఫయర్ పెట్టె గుయ్‌మంటుంటే స్పీకర్లను అనుమానించనక్కర్లేదు. ఆ మోత ట్రాన్స్‌ఫార్మర్‌ది కావచ్చు.

ఇంటి కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ సమానంగా ఊగాలి. పక్క గదిలో హెయిర్ డ్రయ్యర్‌ను తక్కువ వేడిమీద పెడితే, కొన్ని రకాల్లో లోపలి డయోడ్ సగం తరంగాన్నే వాడుకుంటుంది. దాంతో లైన్‌లో కాస్త డీసీ చేరుతుంది. 230 వోల్టుల పక్కన అర వోల్టు ఒక లెక్కా అనిపిస్తుంది. లెక్కే! పెద్ద టొరాయిడల్ ట్రాన్స్‌ఫార్మర్‌లో ప్రైమరీ చుట్ట నిరోధం ఒకటి, రెండు ఓములే ఉండొచ్చు. డీసీని అడ్డుకునేది అదొక్కటే. అంటే పావు నుంచి అర ఆంపియర్ పారుతుంది. గారెలా గుండ్రంగా, ఎక్కడా సందులేని కోర్ ఒకవైపు సంతృప్తమైపోతుంది. చుట్టలు అదురుతాయి, వేడెక్కుతాయి.

పాత ఈఐ కోర్‌లో E, I ఆకారపు రేకుల అతుకుల్లో సన్నని సందులుంటాయి. అందుకే అది బాగానే ఓర్చుకుంటుంది.

విరుగుడు సులువే: లైన్‌కు సిరీస్‌లో పెద్ద కెపాసిటర్లు, వాటికి రక్షణగా డయోడ్లు. కాకపోతే అది నేరుగా మెయిన్స్‌మీద పని, తెలిసిన మెకానిక్కే చేయాలి.