ఆడయెలుక తెలిపిన రహస్యము

ఎలుక యనగానే గృహిణికి చిల్లుపడిన బియ్యపు బస్తాయు, కొరికిన పట్టుచీరయు జ్ఞప్తికి వచ్చును. కాని క్లేశము కలిగినపుడు దేహములో నేమి జరుగునో లోకమునకు చాలవరకు తెలిపినది ఆ ప్రాణియే. 1936లో మాంట్రియల్ నగరమున హాన్స్ సెల్యే యను శాస్త్రజ్ఞుడు ఎలుకలను చలికిని, అతిశ్రమకును గురిచేసి, కష్ట మెట్టిదైనను దేహ మొకే తీరున మారునని ప్రకటించెను.

ఆ క్రమ మిట్టిది. ఆపద తోచగనే మెదడు అడుగుభాగమున నుండు హైపోథాలమస్ సి.ఆర్.ఎఫ్. అను ద్రవ్యమును విడుచును. దానిచే పీయూషగ్రంథి ప్రేరితమై, మూత్రపిండములపై నుండు అడ్రినల్ గ్రంథులకు రక్తము ద్వారా వార్త పంపును. అవి ఎలుకయందు కార్టికోస్టిరోనును, మనుష్యులయందు ముఖ్యముగా కార్టిజాలును స్రవించును. పిమ్మట ఆ హార్మోనే మెదడును చేరి, ఇక చాలునని యా స్రావమునకు అడ్డుకట్ట వేయును.

ఈ మార్గము ఆడుమగలకు సమానమే. కొలత మాత్రము సమానము కాదు. ఒకే కష్టము కలిగినను ఆడయెలుక రక్తమున కార్టికోస్టిరోన్ మగదానికంటె హెచ్చుగా నుండును. అండకోశములను తీసివేసినచో అది తగ్గును. ఈస్ట్రోజెన్ ఇచ్చినచో మరల హెచ్చును. మగయెలుకకు వృషణములు తీసివేసినచో హెచ్చును. టెస్టోస్టిరోన్ ఇచ్చినచో తగ్గును. మరియు 2010లో వెల్లడియైన పరిశోధనమున నింకొక వింత తేలినది. మెలకువను కాపాడు నాడీకణములపై సి.ఆర్.ఎఫ్.ను అందుకొను గ్రాహకములు గలవు. ఒత్తిడి పిమ్మట మగయెలుకలో నవి కణములోనికి ముడుచుకొనును. ఆడయెలుకలో పైననే నిలిచియుండును. అనగా మగదాని యింట తలుపు మూతపడును. ఆడదాని యింట తెరచియే యుండును.

ఇంతటి భేదమున్నను, ఋతుచక్రము ఫలితములను చెదరగొట్టునను నెపమున పరిశోధకులు చిరకాలము మగజంతువులనే వాడిరి. 2011లో బీరీ, జుకర్ అను పండితులు ప్రకటించిన లెక్క ననుసరించి, నాడీశాస్త్రమున ఆడజంతువులతోడి ప్రయోగ మొకటికి మగవానితోడివి అయిదున్నర. ఆడచుంచెలుకల కొలతలు మగవానికంటె నెక్కువగా చెదరవని 2014లో రుజువైనది. 2016 నుండి అమెరికా జాతీయారోగ్య సంస్థలు తమ ధనసహాయము కోరువారు ఉభయజాతులను గణింపవలెనని విధించినవి.

సోదరీమణులారా, హార్మోను హెచ్చుట బలహీనత కాదు. ఎలుక న్యాయము మనకు యథాతథముగా చెల్లదు కూడ. సభలో మాటలాడవలసిన పరీక్షలలో పురుషులకే కార్టిజాల్ హెచ్చుట తరచు కానబడినది. అయినను మనోవ్యాకులత స్త్రీలలోనే యధికము. దానికి మందు వెదకువారు ఆడప్రాణిని విడిచిపెట్టినచో, మన వ్యాధికి పరుల నాడి పట్టి చూచినట్లే యగును.