వల్లూరు కాయస్థులు

కడప మండలములోని వల్లూరు నేడొక చిన్న యూరు. పదుమూడవ శతాబ్దిలో నిది రాజధాని. కాకతీయ గణపతిదేవుడు గంగయసాహిణి యను కాయస్థ వీరునకు దక్షిణసీమ నప్పగించెను. సాహిణి యనగా గుఱ్ఱపుదళపు నాయకుడు. జమ్మలమడుగు చెంతనున్న గండికోటయు, ములికినాడును వారి యేలుబడిలోనివే.

గంగయ తరువాత జన్నిగదేవుడు, త్రిపురారిదేవుడు ప్రభుభక్తితో పాలించిరి. వారి తమ్ముడగు అంబదేవుడు 1272లో అధికారమునకు వచ్చెను. అప్పుడు ఓరుగల్లు నేలుచున్నది రుద్రమదేవి. స్త్రీ యను చులకనయో, రాజధాని దూరమను ధైర్యమో, అతడు స్వతంత్రుడయ్యెను. యాదవులతోను పాండ్యులతోను మైత్రి నెఱపెను. తన విజయములను 1290లో త్రిపురాంతకమున శాసనముగా చెక్కించెను.

అంతకు ముందటి యేడే రుద్రమదేవి మరణించినట్లు చందుపట్ల శాసనము తెలుపుచున్నది. అంబదేవునితోడి పోరుననే ఆమె కూలెనని పలువురు చరిత్రకారుల యూహ. శాసనము మాత్ర మా మాట చెప్పదు.

ఆమె దౌహిత్రుడు ప్రతాపరుద్రుడు ఊరకుండునా? 1291లో సేనలను పంపి అంబదేవుని బలమును విఱిచెను. అంబదేవుని కుమారుడు త్రిపురారి కొంతకాలము నిలిచెను. పదునాలుగవ శతాబ్ది యారంభమున ఆ సీమయు కాకతీయులకే దక్కెను. గండికోటకు గొంకారెడ్డి పాలకుడయ్యెను. 1323లో ఓరుగల్లు ఢిల్లీ సేనలకు లొంగెను.