తీతువులు రెండు రకాలు

వేసవిలో పొలంగట్టున నడుస్తూ ఉంటే పిట్ట ఒకటి మీ తలచుట్టూ ఎగురుతూ గోలపెట్టడం వినే ఉంటారు. అదే తీతువు. అది కూస్తే కీడని పెద్దవాళ్ళు అంటారు. పిల్లలు రాయి విసురుతారు. పాపం, తన గుడ్ల జోలికి రావద్దని అది మొత్తుకుంటున్నది, అంతే!

మన పొలాల తీతువుల్లో రెండు రకాలున్నాయి. అనకాపల్లి దగ్గర మునగపాక వైపు, శారదానది ఒడ్డున, వరిమళ్ళలో, కొండకర్ల ఆవ అంచున చూడవలసింది ఎర్ర తీతువును. దానికి నీటి తావంటే ఇష్టం. తలా, గొంతూ, రొమ్మూ నలుపు. కంటి ముందు ఎర్రని తోలు మడత. ముక్కు కూడా ఎరుపే, కొన మాత్రం నలుపు.

నీరు దూరమైన మెట్టలో, రాళ్ళ బీళ్ళలో ఉండేది పసుపు తీతువు. కొంచెం చిన్నది. నెత్తిన నల్లటోపీ, టోపీ కింద తెల్లని అంచు, కళ్ళ ముందు వేలాడే పసుపుపచ్చని తోలు. ఒళ్ళంతా మట్టిరంగు కనక, కదలకుండా నిలిస్తే పక్కనే ఉన్నా కనిపించదు. కాళ్ళు చూచి పోల్చుకోబోతే మోసపోతారు, రెండింటివీ పసుపే. అయితే ఎర్రదానికి కాలి వెనక చిన్న వేలుంటుంది, పసుపుదానికి ఉండదు. (పట్టుకొని చూడమనడం లేదు సుమా!)

ఈ రెండింటికీ 1783లోనే బొడ్డార్ట్ అనే డచ్చి వైద్యుడు శాస్త్రీయ నామాలు పెట్టాడు. ఎర్రది ఇరాక్ నుంచి మలేషియా దాకా ఉన్నది. పసుపుది మాత్రం మన ఉపఖండపు పిట్ట.

రెండూ చెట్టెక్కి గూడు కట్టవు. నేలమీద చిన్న గుంట చేసి, సాధారణంగా 4 గుడ్లు పెడతాయి. మచ్చల గుడ్లు మట్టిలో కలిసిపోతాయి. మరి మండుటెండ మాటేమిటి? తల్లీ తండ్రీ వంతులవారీగా గుడ్లకు నీడపట్టి నిలబడతాయి. పొట్ట ఈకలు నీటిలో తడుపుకొని వచ్చి గుడ్లను చల్లబరుస్తాయి కూడా! ఇలా దాదాపు 4 వారాలు.

మీరు అక్కడ నిలబడి వేడుక చూస్తున్నంత సేపూ పిట్ట గాలిలోనే ఉంటుంది, గుడ్లు ఎండలో మాడుతుంటాయి. వేసవి దుక్కి దున్నేటప్పుడు గుడ్లు కనిపిస్తే ఆ జానెడు నేల వదిలి దున్నమని మీ నాన్నగారితో చెప్పండి.

ఈసారి తీతువు అరిస్తే, అడుగు చూచి వేస్తూ, వచ్చిన దారినే దూరంగా వెనక్కు వెళ్ళండి. కాసేపటికి అరుపు ఆగుతుంది. పిట్ట దిగి, నాలుగడుగులు పరుగెత్తి, ఆగి, మళ్ళీ పరుగెత్తి ఒకచోట నిలబడుతుంది. కంటి ముందు తోలు ఎరుపో పసుపో అప్పుడు తీరికగా చూడవచ్చు.