వాగు వెడల్పు కాదు, కొమ్మల ఎత్తు చూడండి

ఉత్తర వర్జీనియాలో కొత్తగా ఫ్లై ఫిషింగ్ మొదలుపెట్టిన మన కుర్రాళ్లు నన్ను ముందుగా అడిగేది ఇదే: "అన్నా, చిన్న వాగులకి ఎంత పొడవు రాడ్ కొనమంటావ్?" దుకాణంలో మామూలుగా చేతికిచ్చేది తొమ్మిదడుగుల ఫైవ్ వెయిట్, అంటే అయిదో నంబరు బరువు లైన్‌కి తగిన రాడ్. పెద్ద నదులకి అది మంచిదే. షెనండోవా నేషనల్ పార్కు కొండవాగులకి మాత్రం వద్దంటాను.

కారణం చెబుతాను. మన ఊళ్లో గాలానికి సీసపు గుండు కడతాం. ఆ బరువే దారాన్ని లాక్కుపోతుంది. ఫ్లై ఫిషింగ్‌లో ఎర అంటే ముల్లుకి ఈకలు, బొచ్చు చుట్టి చేసిన పురుగు బొమ్మ. దానికి బరువు దాదాపు ఉండదు కాబట్టి లైన్‌నే లావుగా, బరువుగా చేస్తారు. రాడ్‌ని వెనక్కి ఊపితే లైన్ వెనకాల గాల్లో సాగి రాడ్‌ని వంచుతుంది. ముందుకి ఊపితే ఆ వంపు విడివడి లైన్‌ని విసురుతుంది. అంటే చేప ముందున్నా, ఖాళీ మన వెనకాల, తల మీద కూడా ఉండాలి.

ఆ పార్కులో పుట్టే రాపిడాన్ నదినే చూడండి. మిల్ ప్రాంగ్, లారెల్ ప్రాంగ్ అనే రెండు పిల్లవాగులు కలిసి అది పుడుతుంది. చేపల వేటంటే ప్రాణమైన అధ్యక్షుడు హెర్బర్ట్ హూవర్ 1929లో విడిది కట్టించుకున్నది ఆ కలిసే చోటే. కింద నది కాస్త విప్పారుతుంది. పైన వాగుల్లో కొమ్మలు నీటి మీదికి వాలి ఉంటాయి, పొడవు రాడ్ ఊపే చోటుండదు. ఆ కొమ్మల కింద బ్రూక్ ట్రౌట్: జానెడు చేప, ముదురు వీపు మీద లేతరంగు మెలికలు, పక్కల నీలి వలయాల్లో ఎర్రచుక్కలు, పొట్టకింది రెక్కల అంచున తెల్లని గీత. ఇంత అందమైన చేపని నేను ఇంకెక్కడా చూడలేదు.

అలాగని అయిదడుగుల రాడ్ కొనేయకండి. రాడ్ పొడవు విసరడానికే కాదు, విసిరాక లైన్‌ని నీటికి తాకకుండా ఎత్తి పట్టడానికి కూడా. రాళ్ల మధ్య ప్రతి పాయదీ ఒక వేగం. వేగంగా పారే పాయ మీద లైన్ పడిందా, ఎరని ఈడ్చుకుపోతుంది. ట్రౌట్ దాన్ని ముట్టదు. జపాన్ కొండవాగుల్లో టెంకారా అనే పద్ధతిలో వేటాడేవాళ్లు రీల్ లేని పన్నెండడుగుల రాడ్ వాడేది కూడా ఇందుకే. పైన ఆకాశం కనిపించే వాగుకి పొడవే మేలు.

నా మాట అడిగితే, షెనండోవాకి ఏడున్నర అడుగుల త్రీ వెయిట్. కొమ్మలు మరీ కమ్ముకున్న చోట ఆరున్నర. అక్కడా చోటు చాలకపోతే ఎరని ముల్లు వంపు దగ్గర జాగ్రత్తగా పట్టుకుని, వెనక్కి లాగి రాడ్‌ని విల్లులా వంచి వదలాలి.

పొడవుతో పాటు మెత్తదనమూ చూడాలి. లైన్ వెయిట్‌ని మొదటి ముప్పయి అడుగుల బరువుని బట్టి నిర్ణయిస్తారు. త్రీ వెయిట్‌కి అది ఆరున్నర గ్రాములు. వాగులో రాడ్ కొస దాటి పదడుగుల లైన్ కూడా బయటికి రాదు. అంత కొంచెం బరువుకి గట్టి రాడ్ వంగదు. అందుకే నాకు మెత్తగా వంగే ఫైబర్‌గ్లాస్ రాడ్ ఇష్టం. గ్రాఫైట్ రాడ్ ఉన్నవాళ్లు ఒక నంబరు బరువైన లైన్ వేసుకోవచ్చు.

దుకాణం బయట విసిరి చూడమన్నప్పుడు దూరం విసరకండి. పదడుగులే విసరండి. రాడ్ వంగడం చేతికి తెలిస్తేనే డబ్బు కట్టండి.